నా పడవ ఎవరెక్కుతారు?

మినసె రేవు,
అక్టోబరు, 1984

హిసానో వదినకు,

ఉత్తరం మొదట్లో ఆకులు ఎర్రబడ్డాయనీ గాలి చల్లబడిందనీ రాయాలి. రాయకపోతే "టీచరమ్మకి మర్యాద తెలీదా" అంటావు. రాస్తే "ఆకుల గొడవ నాకెందుకు, అసలు సంగతికి రా" అంటావు. ఆకులు ఎర్రబడ్డాయి. అసలు సంగతికి వస్తున్నాను.

నాకు బొమ్మల పుస్తకాలు కావాలి. శనివారాలు కాలనీ పిల్లలకి చదివి వినిపించే నీ ముందుగది అరల్లో ఉన్నవాటిలోంచి కొన్ని అరువివ్వు.

మా బడిలో ఇప్పుడు అన్ని తరగతులూ ఒకే గదిలో కూర్చుంటున్నాయి. రెండో తరగతిలో శిహో అనే పిల్ల ఉంది. తండ్రి ట్యూనా వేటకు వెళ్ళే పెద్ద ఓడలో పనిచేస్తాడు, వెళ్ళాడంటే ఏడాది దాటాకే రావడం. తల్లి ఎప్పుడో వెళ్ళిపోయింది, ఆమె మాట ఊళ్ళో ఎవరూ ఎత్తరు. తాత మొసుకె పెంచుతున్నాడు. సముద్రంలోకి కుండలు దించి ఆక్టోపస్‌లు పట్టుకునే చిన్న పడవ ఉంది అతనికి. నువ్వు వచ్చినప్పుడు చూసే ఉంటావు, రేవు మెట్ల మీద కూర్చుని ఎవరు పలకరించినా "ఊఁ" అంటాడే, ఆ ముసలాయనే.

పోయిన నెల తరగతిలో "పెద్దయ్యాక ఏమవుతారు" అని అడిగాను. శిహో లేచి "ట్యూనా ఓడకి కెప్టెన్ అవుతా" అంది. గది గదంతా ఘొల్లుమంది. వెనక కూర్చున్న రికుజి "ఆడది ఎక్కితే ఓడ మునుగుద్ది, నీకాపాటి తెలీదా" అన్నాడు. వాణ్ణి తిట్టి లాభం లేదు, వాడు ఇంట్లో విన్నదే అన్నాడు. మన రేవు సంగతి నీకు తెలియనిది కాదు. ప్రతి పడవలోనూ ఒక తల్లి కొలువుంటుంది, ఆమె ఆడది, ఇంకో ఆడది కాలు పెడితే ఓర్వలేదు, వలకి చేప పడనివ్వదు అంటారు.

శిహో కూర్చుంది. ఆ రోజు నుంచి కెప్టెన్ మాట ఎత్తలేదు. ఆ మాటే కాదు, ఏ మాటా ఎత్తడం లేదు. పిలిస్తే తల ఊపుతుంది, అంతే. ఆ కోరిక అలా లోపలే ఎండిపోతుందేమోనని నాకు భయంగా ఉంది వదినా. ఎండిపోయాక నీళ్ళు పోసి లాభం ఉండదు.

ఆడపిల్ల ఓడ నడిపే బొమ్మల పుస్తకం ఒకటి వెతికి పంపు. త్వరగా పంపు.

ఇకుయో


హినోకి కాలనీ, ఒసాకా శివారు
నవంబరు

ఇకుయో,

ఆడపడుచు అర్ధమొగుడని ఊరికే అన్నారా? అడగలేదు, ఆజ్ఞాపించావు. పెట్టె నిండా సర్ది రైల్లో వేశాను. సగం మొగుడికే ఇంత అధికారం ఉంటే పూర్తి మొగుడు నయం, పాపం మీ అన్నయ్య నా చేత ఎప్పుడూ పెట్టెలు మోయించలేదు.

నువ్వడిగిన పుస్తకం దొరకలేదు. అరల్లోవన్నీ దించి చూశాను. ఓడ నడిపేవాళ్ళలో అబ్బాయిలున్నారు, ఎలుగుబంట్లున్నాయి, ఒక కప్ప కూడా ఉంది. ఒడ్డున నిలబడి రుమాలు ఊపే ఆడపిల్లలు మాత్రం ప్రతి పుస్తకంలోనూ ఉన్నారు. ఇన్నేళ్ళుగా పిల్లలకి అవే చదివి వినిపిస్తూ నేనూ గమనించలేదు, సిగ్గేసింది.

అయినా ఒక మాట విను. పుస్తకం కషాయం కాదు, ఫలానా జబ్బుకి ఇంత మోతాదని గొంతులో పోయడానికి. మంచి పుస్తకం ఏదైనా ఇవ్వు. పక్కన కూర్చుని ఉన్నది ఉన్నట్టు చదువు. గొంతు మార్చి నాటకాలు ఆడకు. చదవడం అయ్యాక ముఖ్యంగా ఏమీ అడగకు. "ఏం అర్థమైంది, ఏం నేర్చుకున్నావు" అనే నీ బడి ప్రశ్నలు నీ దగ్గరే పెట్టుకో. నువ్వు అడిగిన మరుక్షణం పిల్ల పుస్తకంలోంచి బయటికొచ్చి నీ మొహం చూడటం మొదలుపెడుతుంది. నీకేం చెప్తే నచ్చుతుందో వెతుక్కుంటుంది. ఇక ఆ పుస్తకం దానిది కాదు, నీది.

పెట్టెలో పైనే ఒక పడవ పుస్తకం ఉంది చూడు. అందులోనూ కెప్టెన్ అబ్బాయే, ఏం చెయ్యను. కానీ నా గదికొచ్చే పిల్లలు దానికోసం కొట్టుకుంటారు. పోరు పడలేక రెండు ప్రతులు కొన్నాను, ఒకటి నీకు.

ఇక్కడ శనివారాలు ఎప్పటిలాగే. గుమ్మంలో చెప్పుల కుప్ప, లోపల గోల, రెండు గంటలకి నేను పుస్తకం తెరిస్తే నిశ్శబ్దం. నా గురించి బెంగ పెట్టుకోకు. మోకాళ్ళు మాత్రం నన్ను అత్తగారిలా సాధిస్తున్నాయి.

హిసానో


మినసె రేవు,
నవంబరు చివర

వదినా,

పెట్టె చేరింది. పిల్లలు పుస్తకాలని మొదట వాసన చూశారు. అవి నీ ఇంటి వాసనే వేస్తున్నాయని వాళ్ళకి తెలియదు, నాకు తెలుసు. కాసేపు, పోయిన అన్నయ్య పక్కగదిలో దగ్గుతున్నట్టే అనిపించింది.

పడవ పుస్తకం చదివాను. నాటకాలు ఆడలేదు. చిన్న కెప్టెన్ ఒక్కో ఒడ్డు దగ్గరా ఆగి "నా పడవ ఎవరెక్కుతారు?" అని అడుగుతాడు, మేక ఎక్కుతుంది, బాతు ఎక్కుతుంది, బరువైన ఎలుగుబంటి ఎక్కితే పడవ ఒరుగుతుంది. అక్కడ పిల్లలు పడీ పడీ నవ్వారు. చివరి పేజీలో పడవ ఇంకో ఒడ్డుకి చేరుతుంది. ఎక్కడానికి బల్ల వేసి ఉంటుంది, ముందు భాగంలో ఒక్క చోటు ఖాళీ. కెప్టెన్ మళ్ళీ అదే అడుగుతాడు. ఒడ్డున ఎవరూ ఉండరు. పుస్తకం అంతటితో అయిపోతుంది.

ఇదేం ముగింపు అనుకున్నాను. "తర్వాత ఏమై ఉంటుంది" అని అడగబోయి, నువ్వు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. అందరూ ఆటకి పోయారు. శిహో మాత్రం దగ్గరికొచ్చి ఆ ఖాళీ చోటు మీద వేలు పెట్టి చాలాసేపు నిలబడింది. తర్వాత "ఇంటికి తీసుకెళ్ళొచ్చా?" అంది. ఎన్నో వారాల తర్వాత దాని గొంతు విన్నాను.

మూడు రోజులకి మొసుకె తాత బడికొచ్చాడు. లోపలికి రాలేదు, గుమ్మం బయటే నిలబడ్డాడు.

"ఏం టీచరమ్మా, నా మీద ఏం కక్ష నీకు?" అన్నాడు.

"ఏం చేశాను తాతా?"

"రోజంతా కుండలు లాగి లాగి చేతులు పడిపోయి వస్తానా, నాలుగు మెతుకులు తిని నడుం వాలుద్దామంటే అది పుస్తకం తెచ్చి ఒళ్ళో కూర్చుంటది. చదవమంటది. నేను చదివింది ఎక్కడ, చచ్చింది ఎక్కడ? వేలుపెట్టుకుని చదువుతుంటే మధ్యలో తప్పు దిద్దుతది."

"చదవనని చెప్పకపోయావా?"

"చెప్పాను. ఊరుకుంది. ఊరుకుని అలాగే కూర్చుంది. దాని మొహం నువ్వు చూళ్ళేదు." మెట్టు దిగబోయి మళ్ళీ అన్నాడు, "ఎలాగూ మార్చి దాకే గదా. బడి సంవత్సరం అవగానే మా పెద్ద కూతురి దగ్గరికి పంపేస్తున్నా. కొండల్లో ఊరు. అక్కడ సముద్రం కనపడదు. కనపడకపోతే నాలుగు నెలల్లో మర్చిపోద్ది."

"మర్చిపోవాలా?" అన్నాను.

"మరి? ఇక్కడే ఉంటే పడవల చుట్టూ తిరుగుద్ది. ఎవడో ఒకడు ఏదో ఒక మాట అంటాడు. నేనున్నంతకాలం నేను అడ్డం పడతా. తర్వాతో?"

అతనిది దుర్మార్గం కాదు, ప్రేమే. అందుకే నాకు ఇంకా కోపంగా ఉంది. ఆ పిల్లని మార్చిలోగా గట్టిపరచాలి వదినా. ఏదో ఒకటి చేస్తాను.

ఇకుయో


హినోకి కాలనీ,
డిసెంబరు

ఇకుయో,

ఏమీ చెయ్యకు.

ముసలాయన ఒళ్ళో కూర్చోబెట్టుకుని చదువుతున్నాడు. ఇంతకంటే నువ్వూ నేనూ చెయ్యగలిగింది లేదు. అక్కడ నీకు పని లేదు. పని లేని చోట చెయ్యి పెట్టడం మీ ఇంటివాళ్ళ రక్తంలోనే ఉంది. మీ అన్నయ్య ఉడుకుతున్న అన్నం మూత తీసి తీసి ఎన్నిసార్లు చెడగొట్టాడో లెక్కలేదు.

ఇక్కడ చలి మొదలైంది. బల్ల కింద కుంపటి వెలిగించి దుప్పటి కప్పుకుని కూర్చుని రాస్తున్నాను. పిల్లలు బాగానే వస్తున్నారు.

హిసానో


మినసె రేవు,
డిసెంబరు చివర

వదినా,

ఈ ఉత్తరం చదివేటప్పుడు ముందు టీ తాగు.

నీ పుస్తకం పాడు చేశాను.

శిహో తిరిగిచ్చిన రోజు సాయంత్రం బడి ఖాళీ అయ్యాక దాన్ని ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఆ చివరి పేజీ, ఆ ఖాళీ చోటు చూస్తుంటే ప్రాణం ఆగలేదు. ఎంతమంది పిల్లలు చూసి ఉంటారు, ఆ చోట్లో ఎవరూ లేరే అనిపించింది. నా రంగు పెన్సిళ్ళు తీసి అక్కడ ఒక ఆడపిల్లని గీశాను. ఎర్ర చొక్కా, రెండు జడలు, చెయ్యి ముందుకు చాపి దారి చూపిస్తూ. నిజం చెప్తున్నా, బాగానే గీశాను. కెప్టెన్‌ని మించిన కెప్టెన్‌లా ఉంది.

మర్నాడు శిహో వచ్చి పుస్తకం తీసింది. నేను బోర్డు తుడుస్తున్నట్టు నటిస్తూ ఓరకంట చూస్తున్నాను. చివరి పేజీకి వచ్చింది. ఆగిపోయింది.

"టీచర్, ఈ పిల్ల ఎవరు?"

"నువ్వే" అన్నాను, ఎంతో సంతోషంగా.

"నేను కాదు. నాకు జడల్లేవు."

"జడలు లేకపోతేనేం, నువ్వే అనుకో."

అది నా వంక చూడలేదు. బొమ్మనే చూస్తూ నెమ్మదిగా అంది, "ఇక్కడ ఖాళీ ఉండేది. నేను ఎక్కేదాన్ని. ఇప్పుడు ఈవిడ కూర్చుంది."

పుస్తకం మూసి అరలో పెట్టేసింది. రబ్బరుతో రుద్దాను. రంగు పోలేదు, కాగితం లేచిపోయింది. అది చూసి శిహో "వద్దులెండి టీచర్" అంది, పెద్దమనిషి చిన్నపిల్లని ఓదార్చినట్టు. ఆ తర్వాత మళ్ళీ మాటల్లేవు. ఇంటికి ఏ పుస్తకమూ తీసుకెళ్ళడం లేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇప్పుడు నీకు రాస్తున్నాను. తిట్టు.

ఇకుయో


హినోకి కాలనీ,
జనవరి

ఇకుయో,

తిడతాను. అడిగావు కాబట్టి కాదు, తిట్టాల్సిందే కాబట్టి.

నువ్వు పుస్తకం పాడుచేశావని కాదు నా కోపం. కాగితం చిరిగితే అతికించుకుంటాం. ఈ గదిలో ఆ చివరి పేజీ దగ్గర పిల్లలందరూ ఒక్క క్షణం ఊపిరి బిగబడతారు. అక్కడ ప్రతివాళ్ళూ ఎవరికి వాళ్ళు ఎక్కుతారు. మగపిల్లలూ, ఆడపిల్లలూ, ముక్కు కారేవాళ్ళూ, అందరూ. ఆ బొమ్మ వేసిన మనిషి ఎంతో ఓర్చుకుని ఆ చోటు ఖాళీగా వదిలి ఉంటారు. పెద్దవాళ్ళం మనకి ఆ ఓర్పు ఉండదు. పిల్ల కల కంటుంటే, ఇలా కను, ఎర్ర చొక్కా వేసుకుని కను, అని పక్కన నిలబడి చెప్తాం.

ఇంకొక మాట కూడా కుండబద్దలు కొట్టినట్టు చెప్పేస్తున్నాను. ఆ జడలు శిహోవి కావు. నీవి. మీ అన్నయ్య పెట్టెలో నీ చిన్ననాటి ఫొటో ఉంది, రెండు జడలతో, మూతి ముడుచుకుని. నువ్వు మీ నాన్న పడవలో వల కింద దాక్కున్న సంగతి మీ అన్నయ్యే నాకు చెప్పాడు. నువ్వు ఎప్పుడూ చెప్పలేదు, నేనూ ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. నువ్వు ఆ పడవ ఎక్కించాలనుకున్నది ఆ పిల్లనేనా?

రెండో ప్రతి ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. ఇది అరువు కాదు, శిహోకే ఇచ్చెయ్యి. ఏమీ మాట్లాడకుండా ఇవ్వు. దాచి ఉంచినా ఇక్కడ అడిగేవాళ్ళెవరూ లేరు.

హిసానో


మినసె రేవు,
ఫిబ్రవరి

వదినా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. మొదట చింపేద్దామనుకున్నాను. తర్వాత నాలుగు ఘాటైన జవాబులు రాసి పొయ్యిలో పడేశాను. నువ్వు అన్నది నిజమే, అందుకే అంత మండింది.

అప్పుడు నాకు శిహో వయసే. వల కింద దాక్కున్నాను. పడవ రేవు దాటాక తుమ్ము వచ్చింది. నాన్న ఏమీ అనలేదు. పడవ వెనక్కి తిప్పాడు. నన్ను మెట్ల మీద దింపి, రేవులో వాళ్ళంతా కలిసి పడవ అంతా కడిగి, ఉప్పు చల్లి, పడవలో తల్లి కొలువుండే తెరచాప కొయ్య మొదట్లో మద్యం పోశారు. ఉప్పు చల్లినవాళ్ళలో మొసుకె కూడా ఉన్నాడు, అప్పటికి కుర్రాడు. ఆ శరదృతువులో చేపలు పడలేదు. ఎవరూ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. నాతో ఆడుకోవడానికి మాత్రం ఎవరూ రాలేదు. ఇంటి వెనక గోడకి ఆనుకుని కూర్చునేదాన్ని. అన్నయ్య మాత్రం వచ్చి పక్కన కూర్చునేవాడు. ఇన్నేళ్ళూ ఇదే ఊళ్ళో బతుకుతూ ఇప్పటికీ రేవు మెట్లు చివరిదాకా దిగను వదినా. నీళ్ళు తగిలే మెట్టుకి ఒక మెట్టు పైనే ఆగిపోతాను. ఎందుకని ఎవరూ అడగలేదు, ఇక్కడ ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరు.

రెండో ప్రతి శిహోకి ఇచ్చాను. ఏమీ మాట్లాడలేదు. అది చివరి పేజీ తీసి చూసింది. ఖాళీ ఉంది. పుస్తకం సంచిలో పెట్టుకుని, గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి "తాత ఇవాళ కూడా తప్పులే చదువుతాడు" అంది. నవ్వుతూనే అంది.

మొసుకె తాత మళ్ళీ రోజూ చదువుతున్నాడట. అతని చదువు గురించి శిహోయే చెప్పింది, అదీ నేను అడగకుండా. "నా పడవ ఎవరెక్కుతారు?" అని రాసిన చోటల్లా తాత ఆగాలట. శిహో "నేను" అనాలట. అప్పుడే పేజీ తిప్పాలట. మేక ఎక్కే పేజీలోనూ అంతే, బాతు పేజీలోనూ అంతే. "మరి తాత ఏమంటాడు?" అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. నీ శిష్యురాల్ని కదా.

కానీ నిన్ను మాత్రం ఒకటి అడక్క మానను. "అడిగేవాళ్ళెవరూ లేరు" అని రాశావు. ఆ పుస్తకం కోసం కొట్టుకుంటారని రాసింది కూడా నువ్వే. ఏది నిజం?

ఇకుయో


హినోకి కాలనీ,
ఫిబ్రవరి చివర

ఇకుయో,

టీచర్లకి ఉత్తరాలు రాయకూడదు. తప్పులు పట్టుకుంటారు.

పోయిన వేసవి నుంచి ఎవరూ రావడం లేదు. కాలనీ కట్టినప్పుడు వచ్చిన పిల్లలు పెద్దవాళ్ళయి వెళ్ళిపోయారు, కొత్తగా పుట్టినవాళ్ళు తక్కువ. ఉన్నవాళ్ళకి శనివారం ట్యూషన్లు, టీవీకి తగిలించుకునే ఆటలు. చివరగా వచ్చినది పై అంతస్తు మియుకి. చాలాకాలం అదొక్కతే వచ్చింది. ఇద్దరం ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం. ఒకరోజు గుమ్మంలోనే నిలబడి "పెద్దమ్మా, ఈ వారం నుంచి నాకు పియానో" అంది. పాపం ఎంత భయపడుతూ చెప్పిందో. "మంచిదే కదా, వెళ్ళు" అన్నాను. దాని చెప్పుల చప్పుడు కింది అంతస్తు దాకా వినిపించింది.

ఇప్పటికీ శనివారం తలుపు తీస్తాను. దిండ్లు వేస్తాను. కాసేపు చూసి చదువుతాను. పైకే చదువుతాను, లేకపోతే గొంతు పట్టేస్తుంది, వారమంతా నాతో మాట్లాడేవాళ్ళు కూరగాయల కొట్టువాడు తప్ప ఎవరున్నారు? పక్కింటావిడ రేడియో అనుకుంటోందట. "మీ రేడియోలో కథలు బాగా చెప్తారండీ, ఏ స్టేషను?" అని అడిగింది. ఏదో ఒక స్టేషను పేరు చెప్పాను.

నీకెందుకు అబద్ధం రాశానంటే, "నువ్వు బాధపడతావని" అని రాయొచ్చు. అది కూడా అబద్ధమే. "ఎవరూ రావడం లేదు" అని కాగితం మీద రాస్తే అది ఖాయమైపోతుందనిపించింది. రాయనంత కాలం వచ్చే శనివారం ఎవరో ఒకరు వస్తారేమో అన్నట్టు ఉండేది. ఇదిగో, రాసేశాను.

శిహో ప్రయాణం ఎప్పుడు? మార్చి వస్తోంది. ఏం జరిగినా రాయి. బాగా లేకపోయినా రాయి. ఇక్కడ పెట్టెలో ఉత్తరం పడిన చప్పుడు వింటే నేను మెట్లు పరిగెత్తినట్టే దిగుతాను, మోకాళ్ళకి కూడా ఆ సంగతి తెలుసు.

హిసానో


మినసె రేవు,
మార్చి చివర

వదినా,

శిహో వెళ్ళిపోయింది.

ఆ పొద్దున బస్సు దగ్గర వీడ్కోలు చెబుదామని పిల్లల్ని తీసుకుని వెళ్ళాను. రైలు స్టేషన్ అఖాతానికి అవతల ఊళ్ళో ఉంది. బస్సు కొండ చుట్టూ తిరిగి వెళ్తుంది. బస్సు వచ్చింది, శిహో లేదు. డ్రైవర్ కాసేపు చూసి వెళ్ళిపోయాడు. అప్పుడు రికుజి "టీచర్, రేవులో" అని అరిచాడు.

మొసుకె తాత తన పడవ మెట్లకి ఆనించి బల్ల వేస్తున్నాడు. కొయ్య మొదట్లో మద్యం పోసిన తడి ఇంకా ఆరలేదు. శిహో సంచి భుజాన వేసుకుని మెట్ల మీద నిలబడి ఉంది. రేవులో మగవాళ్ళు పదిమంది దాకా ఉన్నారు, వలలు బాగుచేసుకుంటూ. నేను పరుగెత్తుకుంటూ వెళ్ళాను.

"తాతా, ఏం చేస్తున్నావు? వాళ్ళు చూస్తున్నారు."

"చూస్తే చూడనీ."

"నువ్వే కదా పడవల దగ్గరికి రానివ్వకూడదన్నావు?"

అతను బల్ల సరిచేసి నడుం నిటారుగా చేసుకున్నాడు. "చలికాలం అంతా నన్నడిగించారు గదా మీరిద్దరూ. నా పడవ ఎవరెక్కుతారు, నా పడవ ఎవరెక్కుతారు అని. నా నోటితో నేనే అడిగాను. అడిగినప్పుడల్లా ఇది ఎక్కుతానంది. మనిషన్నాక అడిగిన మాటకి కట్టుబడాలా వద్దా? పడవలో తల్లికి కూడా చెప్పుకున్నా. నేను పిలిచాను, తప్పుంటే నాది, దీన్నేం చెయ్యకు అన్నాను."

వలల దగ్గర ఉన్న మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు మా వైపు వీపు తిప్పి కూర్చున్నారు. నా చిన్నప్పుడూ ఇలాగే తిరిగారు. కానీ ఈసారి వాళ్ళలో పెద్దవాడు, రికుజి వాళ్ళ తాత, గట్టిగా అన్నాడు, "పొద్దున్నే ఎండ కళ్ళలో పడుతోందిరా, నాకేం కనపడ్డం లేదు." ఆ రోజు మబ్బు పట్టి ఉంది వదినా.

శిహో బల్ల మీద నడిచి ఎక్కింది. ముందు భాగంలో కూర్చుంటుందనుకున్నాను. నేరుగా చుక్కాని దగ్గరికి వెళ్ళింది. తాత జరిగి చోటిచ్చాడు.

నీకు దాచకుండా రాస్తున్నాను. నేను మెట్లు దిగాను. నీళ్ళు తగిలే మెట్టు దాకా దిగాను. చెప్పులు తడిశాయి. నన్ను కూడా పిలుస్తాడేమోనని నిలబడ్డాను. యాభై దాటిన మనిషిని, జుట్టు తెల్లబడ్డదాన్ని, పిల్లలందరూ వెనక చూస్తుండగా, పిలుస్తాడేమోనని ఎదురుచూశాను. పిలవలేదు. ఆ ఉప్పు సంగతి అతనికి గుర్తుందో లేదో కూడా తెలియదు. తాడు విప్పి, కర్రతో నెట్టి, వెళ్ళిపోయారు. శిహో ముందుకే చూస్తోంది, ఒక్కసారి కూడా చెయ్యి ఊపలేదు. నాకు సంతోషం కంటే ముందు ఈర్ష్య వచ్చింది వదినా. సంతోషం తర్వాత వచ్చింది, పడవ గట్టు దాటి మలుపు తిరిగాక. అదైనా వచ్చింది, నయం.

మధ్యాహ్నం దాటాక మొసుకె ఒక్కడే తిరిగొచ్చాడు. నేను మెట్ల మీదే ఉన్నాను, ఫ్లాస్కులో టీ పట్టుకుని. పడవ కట్టేశాడు గానీ దిగలేదు. అందులోనే కూర్చున్నాడు. టీ అందించాను.

"దారంతా అదే నడిపింది" అన్నాడు. "కెరటం వచ్చినప్పుడు నా వంక చూస్తుందేమో అనుకున్నా. చూళ్ళేదు."

"రైలు ఎక్కేటప్పుడు ఏడ్చిందా?"

"లేదు. వేసవికి వచ్చి మళ్ళీ ఎక్కుతా అంది. అడగలేదు టీచరమ్మా, చెప్పింది. ఎవరి పోలికోగానీ." టీ కొంచెం తాగి కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. "పుస్తకం అది తీసుకుపోయింది" అన్నాడు.

"దానిదే కదా తాతా."

"దానిదే. కాదన్లేదు." పడవ మెట్టుకి తగిలి చిన్నగా చప్పుడు చేస్తోంది. "రాత్రి అన్నం తిన్నాక ఇప్పుడు నేనేం చదవాలి?"

నేను పంపిస్తానులే, మా వదిన దగ్గర గది నిండా ఉన్నాయి అన్నాను. పడవల పుస్తకాలు ఇంకా ఉన్నాయా అని నీకు రాస్తానన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు.

"పడవలు నాకెందుకు, రోజూ చూసేవే. కొండలుండేది ఏదన్నా ఉంటదా? లోపలి ఊళ్ళు, అక్కడి మంచు, పిల్లలు ఏ దారిన బడికి పోతారు, ఏం తింటారు, అలాంటిది. నేనెప్పుడూ పోలేదు టీచరమ్మా, నాకేమీ తెలీదు."

డెబ్బై ఏళ్ళ మనిషి వదినా, ఒక్కడే ఉంటాడు, వేలుపెట్టుకుని చదువుతాడు. అక్షరాలు పెద్దవిగా ఉన్నది చూసి పంపు.

ఇకుయో